చెరువు మళ్లీ చేనవుతుందా?

*రొయ్య ధర పడినప్పుడల్లా కృష్ణా డెల్టాలో వినిపించే మాట ఒకటుంది: ‘గట్లు కొట్టేసి వరి వేసుకుందాం.’ అనడం తేలికే. చేతల్లోకి దిగితే మట్టి, నీరు, పక్క రైతు, కౌలు కాగితం అన్నీ అడ్డం తిరుగుతాయి. పామర్రు చుట్టుపక్కల మాగాణి తిరుగు ప్రయాణం ఎలా ఉందో చెప్పే కథనం.*

పొక్లెయిన్ బకెట్ గట్టు మీద ఒక్క పోటు పొడిచింది. పెద్ద మట్టిపెళ్ల విరిగి చెరువులోకి జారింది. పామర్రు నుంచి బందరు రోడ్డు మీద కొంత దూరం పోయి డొంకలోకి తిరిగితే కనిపించే దృశ్యమిది. నీళ్లు తోడేసిన చెరువు అడుగున నల్ల బురద నెర్రెలిచ్చి ఉంది. గట్టు మీద తుప్పు పట్టిన ఏరియేటర్లు కుప్పగా పడున్నాయి. కొంగలు దిగకుండా కట్టిన దారాలు తెగి గాలికి ఊగుతున్నాయి. ఒకప్పుడు కాపలా మనిషి పడుకున్న రేకుల షెడ్డులో ఇప్పుడు మేకలున్నాయి.

‘‘బాబాయ్, ఈ మట్టి చాలదు’’ అన్నాడు ఆపరేటరు ఇంజిన్ ఆపి.

‘‘చాలకపోవడమేంట్రా? ఇందులోంచి తీసిన మట్టేగా గట్టంతా!’’

‘‘తీసిందంతా గట్టుకే పడిందా? రోడ్డు మెరకకి తోలింది ఎంత, వానలకి కోసుకుపోయింది ఎంత?’’

ఆసామి బదులు చెప్పలేదు. గంట లెక్కన బాడుగ కట్టాల్సిన యంత్రం ఆగి ఉంటే మాటలతో పొద్దుపుచ్చడం కుదరదు. చెరువు తవ్వించిన రోజున ఎకరానికి ఎంత మిగులుతుందో కాగితం మీద వేసి చూపించినవాళ్లు చాలామందే ఉన్నారు. మళ్లీ పూడ్చాల్సి వస్తే ఎంతవుతుందో ఆ రోజు ఎవరూ వేయలేదు.

ఇప్పుడే ఎందుకీ మాట?

2025 ఆగస్టులో మన సరుకుల మీద అమెరికా సుంకం రెండు విడతల్లో 50 శాతానికి చేరింది. అప్పటికి మన రొయ్యకు అతి పెద్ద కొనుగోలుదారు ఆ దేశమే. 2024-25లో భారత్ రూ.62,408 కోట్ల విలువైన సముద్ర ఉత్పత్తులను ఎగుమతి చేసింది. అందులో సింహభాగం గడ్డకట్టించిన రొయ్యది. దేశంలో రొయ్య పండించే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. అందుకే వాషింగ్టన్‌లో సంతకం పడితే పెడన, బంటుమిల్లి, నాగాయలంక చెరువు గట్ల మీద ‘కౌంట్’ (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క) ధర మారిపోయింది.

అయితే సుంకం కేవలం చివరి దెబ్బ. అంతకుముందు నుంచే సీడ్ నాణ్యత తగ్గింది, మేత ధర పెరిగింది, తెల్లమచ్చ తెగులు వదల్లేదు, కరెంటు బిల్లు సరేసరి. రెండు మూడు పంటలు వరసగా పోయినవారు చెరువు ఎండబెట్టి ఆలోచనలో పడ్డారు. వాళ్లకు తట్టిన మొదటి దారి పాత దారే. క్వింటాలు సాధారణ రకం ధాన్యానికి 2025-26లో కేంద్రం ఇచ్చిన మద్దతు ధర రూ.2,369. అంటే 75 కిలోల బస్తాకు రూ.1,777. రొయ్య చూపించే లాభం ఇందులో ఉండదు. కానీ రాత్రికి రాత్రి చెరువంతా తేలిపోతుందన్న బెంగ కూడా ఉండదు.

ఎలా వెళ్లారు?

ఈ మాగాణి కూడా పుట్టుకతో మాగాణి కాదు. విజయవాడ దగ్గర 1855లో ఆనకట్ట పూర్తయ్యాక, కాలవలు వచ్చాక, వానను నమ్ముకున్న పల్లపు నేలలు వరి గడ్డగా మారాయి. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. సార్వా, దాళ్వా, దాళ్వాకు నీళ్లు లేని చోట కోతకు ముందే వరిలో చల్లే మినుము: ఈ వరస మీదే పామర్రు, గుడివాడ, మొవ్వ, ఘంటసాల ఊళ్లు బతికాయి.

చెరువుల కథ కొల్లేటి వైపు నుంచి మొదలైంది. 1970ల చివర్లో మత్స్యకార సహకార సంఘాల పేరుతో అక్కడ చేపల చెరువులు తవ్వారు. శీలావతి, బొచ్చె లారీల్లో కలకత్తా పోతుంటే చూసినవారికి కొత్త లెక్క అర్థమైంది. కైకలూరు, మండవల్లి, ముదినేపల్లి మీదుగా ఆ లెక్క గుడివాడ వైపు నడిచొచ్చింది. సముద్రపు అంచున టైగర్ రొయ్య రాజ్యం నడిచింది. 1990ల నడుమ తెల్లమచ్చ దాన్ని కూల్చింది. 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక మళ్లీ ఊపొచ్చింది. వనామీకి సముద్రమే పక్కన ఉండక్కర్లేదు. డెల్టా దిగువన బోరు వేస్తే ఉప్పునీళ్లే పడతాయి. కాలవ నీరు తాగిన నేల మీదకు ఆ బోరు నీరు ఎక్కింది.

వెళ్లినవాళ్లను తప్పుపట్టడానికి లేదు. వరి మీద పెట్టుబడి పోను మిగిలేది కౌలుకే చాలని రోజుల్లో చెరువు కౌలు దానికి ఎన్నో రెట్లు పలికింది. పిల్లల ఇంజినీరింగ్ ఫీజులు, ఆడపిల్లల పెళ్లిళ్లు, డాబా ఇళ్లు చాలావరకు ఆ డబ్బుతోనే అయ్యాయి. ప్రభుత్వాలు కూడా ఆక్వాకు యూనిట్ రూపాయిన్నరకే కరెంటు ఇచ్చి పోరా అని తోశాయి.

---

◼ తేదీల్లో డెల్టా మార్పు

1855: కృష్ణ మీద ఆనకట్ట పూర్తి
1957: ప్రకాశం బ్యారేజీ
1977 నవంబరు 19: దివిసీమ ఉప్పెన
1996 డిసెంబరు 11: ఎస్. జగన్నాథన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు. వ్యవసాయ భూములు, ఉప్పు మడులు, మడ అడవులు, చిత్తడి నేలలు రొయ్యల చెరువులు కాకూడదు
1999: కొల్లేరు అభయారణ్య ప్రకటన
2005: కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం
2006: ఆపరేషన్ కొల్లేరు (సరస్సులో చెరువు గట్ల కూల్చివేత)
2009: వనామీ సాగుకు అనుమతి
2020: రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికార సంస్థ చట్టం

---

నేలకు ఏం జరిగింది?

అన్ని చెరువులూ ఒకటి కావు. తిరుగు దారి కూడా ఒకటి కాదు.

గుడివాడ పక్క చేపల చెరువుల్లో ఎక్కువగా నింపేది కాలవ నీరే. అక్కడ ఉప్పు బాధ తక్కువ. ఏళ్ల తరబడి వేసిన పేడ, కోళ్ల ఎరువు, తవుడు, చెక్క అడుగున పేరుకుని నేల మహా బలంగా ఉంటుంది. రైతు సంతోషపడి వరి వేస్తే పైరు నల్లగా ఏపుగా లేస్తుంది, ఈనే వేళకు చాప చుట్టినట్టు పడిపోతుంది. ఆకు మెత్తబడి దోమ, తెగులు కూడా ముందుగా అక్కడే దిగుతాయి. ఇలాంటి చోట మొదటి పంటకు యూరియా సంచి ముట్టుకోకపోవడమే పెద్ద సేద్యం.

ఉప్పునీటి రొయ్యల చెరువు సంగతి వేరు. నీటిలోని సోడియం బంకమట్టి రేణువులకు అతుక్కుపోతుంది. పైకి తెల్లగా పేలే ఉప్పును కాలవ నీటితో కడిగేయవచ్చు. రేణువును పట్టుకున్న సోడియం ఒట్టి నీటికి వదలదు. పైగా చుట్టూ ఉన్న ఉప్పు పోయేసరికి ఆ మట్టి రేణువులు విడిపోయి, సందులు మూసుకుని, నేల సిమెంటులా బిగుస్తుంది. నీరు కిందికి ఇంకదు, వేరు లోపలికి పోదు. ‘మూడుసార్లు నీళ్లు పెట్టి తీశాం, అయినా నారు ఎర్రబడింది’ అని రైతులు చెప్పేది ఈ దశనే. ఇక్కడ పనికొచ్చేది జిప్సం. అందులోని కాల్షియం సోడియాన్ని తోసేసి దాని చోట కూర్చుంటుంది. అప్పుడు పెట్టిన నీరు సోడియాన్ని మోసుకుని మురుగు కాలవలోకి పోతుంది. వరస ముఖ్యం: ముందు జిప్సం, తర్వాత కడుగుడు.

1977 ఉప్పెన తర్వాత దివిసీమ మళ్లీ వరి పండించింది కదా, ఇప్పుడెందుకు ఇంత తిప్పలు అని పెద్దవాళ్లు అడుగుతారు. పదివేల మందికి పైగా ప్రాణాలు తీసిన ఆ ఉప్పునీరు వచ్చింది, పోయింది. చెరువులో మాత్రం ఉప్పునీరు ఏళ్ల తరబడి నిలబడింది. ఉప్పెన పై మట్టిని గంపలకెత్తి గట్టుగా పోయలేదు. చెరువు తవ్వకం చేసింది అదే. పంట పండించేది పైన జానెడు మట్టి. అది గట్టు అడుక్కి పోయింది. గట్టు కొట్టినప్పుడు అది లోతు నుంచి తీసిన జిగట మట్టితో కలగలిసిపోతుంది. 

---

◼ తిరుగు దారిలో మెట్లు

పరీక్ష: గట్లు కొట్టకముందే మట్టి, నీరు రెండూ పరీక్షకు పంపాలి. నేల సంతృప్త ద్రావణంలో ‘ఈసీ’ (ఉప్పును కొలిచే విద్యుత్ వాహకత) 4 దాటితే ఉప్పునేల. వరికి 3 దగ్గరే దిగుబడి తగ్గడం మొదలు.

చదును: చెరువు అడుగు మురుగు కాలవ కంటే ఎత్తులో ఉండాలి. లేకపోతే కడిగిన ఉప్పు బయటికి పోదు, వాన నీరు కూడా పోదు.

జిప్సం: పరీక్ష చెప్పిన మోతాదే. చల్లి, కలియదున్ని, నీళ్లు నిలగట్టి, తీసేయాలి.

పచ్చిరొట్ట: చౌడును తట్టుకునే జీలుగ ముందు. పూత దశలో కలియదున్నాలి.

విత్తనం: బందరు వ్యవసాయ పరిశోధన స్థానం ఉప్పును తట్టుకునే వరి వంగడాల మీద పనిచేస్తోంది. ఎంసీఎం 100, ఎంసీఎం 103 అక్కడివే. సాంబా మసూరి మొదటి ఏడాదికి కాదు.

నాటు: ముదురు నారు, కుదురుకు ఎక్కువ మొక్కలు. జింకు లోపం తప్పక వస్తుంది, దమ్ములోనే జింకు సల్ఫేటు వేయాలి.

---

పక్క చెరువు ఊట

ఇవన్నీ చేశాక కూడా పంట రాని పొలాలున్నాయి. కారణం ఆ పొలంలో ఉండదు, పక్క పొలంలో ఉంటుంది.

నాలుగు ఎకరాల చెరువు చేనుగా మారిందనుకోండి. మూడు వైపులా ఇంకా రొయ్యల చెరువులే. అందులో నీటి మట్టం చేను కంటే ఎత్తు. గట్టు కింద నుంచి ఊట రాత్రింబవళ్లు వస్తూనే ఉంటుంది. ఒక వైపు కడుగుతుంటే మూడు వైపుల నుంచి ఉప్పు చేరుతుంటుంది. చాలా ఊళ్లలో చెరువులు పాకింది కూడా ఈ ఊటతోనే. నడుమ చిక్కిన వరి రైతు రెండేళ్లు గొడవపడి, మూడో ఏట తానూ పొక్లెయిన్ పిలిచాడు. ఇష్టపడి వెళ్లినవాళ్లతో పాటు గత్యంతరం లేక వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఏ లెక్కలోనూ వీళ్లు విడిగా కనిపించరు.

నీటి సంగతీ అంతే. బ్లాకు మొత్తం చెరువులైపోయాక పంట బోదెను ఎవరూ పూడిక తీయరు. కొన్నిచోట్ల బోదే గట్టులో కలిసిపోయింది. ఒక్క రైతు వరికి తిరిగొస్తే అతనికి నీరెలా రావాలి? చెరువు ఖాళీ చేసిన నీరు, దిగువ రైతు తోడుకునే నీరు ఒకే మురుగు కాలవలో కలుస్తాయి. 2015 నుంచి పట్టిసీమ మీదుగా గోదావరి నీరు కృష్ణా డెల్టాకు అందుతోంది. కడుగుడుకు అక్కరకొచ్చే తీపి నీరది. బోదె లేని పొలానికి మాత్రం గోదావరీ ఒకటే, కృష్ణా ఒకటే.

చెరువును ఒక్కడు తవ్వుకోవచ్చు. చేనును ఒక్కడు తిరిగి తెచ్చుకోలేడు. ఈ తిరుగు ప్రయాణం మొత్తంలో గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే.

కాగితం ఒక దారి, కౌలు ఒక దారి

చెరువు చేసినవారిలో భూమి సొంతదారులు కొందరే. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న ఆసామి భూమిని కౌలుకు ఇస్తాడు. కౌలుదారు చెరువు తవ్వి, లాభమొచ్చినన్నాళ్లు పట్టి, నష్టమొస్తే మోటార్లు విప్పుకుని వెళ్తాడు. భూమిని ఏ స్థితిలో అప్పగించాలో కౌలు కాగితంలో సాధారణంగా ఉండదు. ఆ మిగిలిన గుంటను తక్కువ కౌలుకు వరి పేరుతో తీసుకునేది మరో చిన్న రైతు. ఉప్పు కడిగే మొదటి రెండేళ్ల నష్టం అతని నెత్తిన పడుతుంది. మూడో ఏట నేల దారిలో పడగానే కౌలు పెంచుతారు. సంపాదించినవాడొకడు, శుభ్రం చేసినవాడొకడు.

రికార్డు తిప్పలు వేరే. ఈ-క్రాప్ పంట నమోదులో చెరువుగా ఉన్న సర్వే నంబరులో వరి నమోదు కావాలి. అది జరిగితేనే రైతు సేవా కేంద్రంలో ధాన్యం కొంటారు, నష్టపోతే రైతు పరిహారం లెక్కలోకి వస్తాడు. రైతులు మొదటి సీజనులోనే ఫొటోతో సహా నమోదు చేయించుకోవడం మంచిది.

నాట్ల ముఠా ఎక్కడికి పోయింది?

చెరువులొచ్చినప్పుడు ఊళ్లో అందరికంటే ముందు పని పోయింది ఆడవాళ్లకు. నాట్లు, కలుపు, కుప్ప నూర్పులు, కోతయ్యాక మినుము పీకడం: ఏడాదిలో నెలల తరబడి ఉన్న కూలి ఆగింది. చెరువు పనులు మగవాళ్లవి. కాపలా, మేత చల్లడం, వల లాగడం. కొందరు ఆడవాళ్లు రొయ్యలు ఒలిచే ప్లాంట్లకు బస్సెక్కారు. గడ్డి లేక పాడి తగ్గింది. వరిగడ్డి వామి లేని దొడ్లో గేదె నిలవదు.

ఇప్పుడు చేను తిరిగొస్తే ఆ పని కూడా తిరిగొస్తుందా? పూర్తిగా రాదు. ఈ మధ్యలో సేద్యమే మారిపోయింది. వెదజల్లుడు పెరిగింది, కోత మిషను వచ్చింది. ఇరవై ఏళ్ల కింద నాటేసిన అమ్మకు ఇప్పుడు నడుం వంగదు. ఆమె కూతురికి నాటు పట్టడం రాదు, నేర్చుకోవాలనీ లేదు. తిరిగొచ్చేవి గడ్డి, మినుము, నాలుగు గేదెలు. అవి చిన్న ఇళ్లకు చిన్నవేమీ కాదు.

కొల్లేరు నేర్పింది

తిరిగి మార్చడం ఎంత కష్టమో ఈ ప్రాంతం ఒకసారి పెద్ద ఎత్తునే చూసింది. కొల్లేటిలో అయిదో కాంటూరు (ఎత్తు రేఖ) వరకు 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చేరింది. కానీ నీటిలో గట్లు అలాగే నిలిచాయి. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో ప్రభుత్వం పేలుడు పదార్థాలు పెట్టి మరీ చెరువు గట్లను పేల్చింది. చెరువులను తిరిగి సరస్సుగా మార్చే ప్రయత్నాల్లో దేశంలోనే పెద్దవాటిలో అదొకటి.

తర్వాత ఏమైంది? గట్లకు గండ్లు పడ్డాయే గాని మట్టి పూర్తిగా పోలేదు. బతుకుతెరువు పోయినవారికి ప్రత్యామ్నాయం సరిగా కుదరలేదు. గండ్లు పూడాయి, చెరువులు మళ్లీ లేచాయి. కాంటూరును మూడుకు తగ్గించమని 2008లో శాసనసభ తీర్మానించింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ తగ్గించొద్దంది. 2025లోనూ కొల్లేరు ఆక్రమణలు సుప్రీంకోర్టులోనే నలిగాయి. గట్టు కొట్టడానికి పోలీసులు, పొక్లెయిన్లు చాలు. ఆ గట్టు మళ్లీ లేవకుండా ఉండాలంటే అక్కడి మనిషికి వేరే అన్నం కనిపించాలి.

బయట ఎలా చేశారు?

రెండో ప్రపంచ యుద్ధంలో గట్లు తెగి, తర్వాత 1953 వరదలో మునిగి, నెదర్లాండ్స్‌లో విస్తారమైన సేద్యపు భూమి ఉప్పుపాలైంది. వాళ్లు రైతును ఒంటరిగా వదల్లేదు. మురుగు తీత, జిప్సం, ఏ ఏడాది ఏ పంట అన్నది ప్రాంతం మొత్తానికి కలిపి చేశారు. అమెరికాలో మిసిసిపీ డెల్టా క్యాట్‌ఫిష్ చెరువులు వియత్నాం పోటీకి, మేత ధరకు తట్టుకోలేక 2000ల తర్వాత పెద్ద సంఖ్యలో సోయా, మొక్కజొన్న చేలయ్యాయి. అవి మంచినీటి చెరువులు కావడం వాళ్లకు కలిసొచ్చింది.

బంగ్లాదేశ్ ఖుల్నా ప్రాంతంలో 22వ నంబరు పోల్డరుకు (చుట్టూ గట్లు కట్టిన పల్లపు ప్రాంతం) తిరిగి రావాల్సిన అవసరమే రాలేదు. రొయ్యల చెరువులను అడ్డుకోబోయిన కరుణామయి సర్దార్ 1990 నవంబరు 7న హత్యకు గురైంది. ఆ పోల్డరు జనం ఆ తర్వాత రొయ్యను అడుగు పెట్టనివ్వలేదు. కేరళ పొక్కాలి పొలాల్లో మూడో దారి ఉంది: వానాకాలం వరి, తర్వాత రొయ్య. వాన ఉప్పును కడుగుతుంది, వరి మోడు రొయ్యకు మేతవుతుంది. ఏటా వెళ్లి ఏటా తిరిగొచ్చే సేద్యమది. నాగాయలంక, కోడూరు లాంటి అంచు మండలాల్లో పూర్తి వరి సాధ్యం కాని చోట దీని గురించి ఆలోచించవచ్చు.

వెళ్లేటప్పుడే రాసుకోవాల్సిన లెక్క

పామర్రు పరిసరాల్లో ఈ సీజనులో కొన్ని గట్లు పడతాయి. రొయ్య ధర లేస్తే వచ్చే ఏడాది కొన్ని మళ్లీ లేస్తాయి. ఈ ఊగిసలాటకు ప్రతిసారీ నేలే మూల్యం చెల్లిస్తోంది. దీన్ని ఆపడానికి మూడు పనులు చాలు.

మొదటిది, పై మట్టి. చెరువుకు అనుమతి ఇచ్చేటప్పుడే పై జానెడు మట్టిని విడిగా కుప్ప పోయాలని, ఊరు దాటించకూడదని షరతు పెట్టాలి. రెండోది, పూచీ. బొగ్గు గని తవ్వే సంస్థ మూసేటప్పటి ఖర్చును ముందే ఎస్క్రో ఖాతాలో వేయాలని 2009 నుంచి కేంద్రం నిబంధన ఉంది. చెరువుకు ఏటా ఎకరానికి కొంత చొప్పున అలాంటి జమ ఎందుకు ఉండకూడదు? కౌలుదారు వెళ్లిపోయినా భూమిని చదును చేసే డబ్బు భూమితోనే ఉంటుంది. మూడోది, బ్లాకు. తిరిగి రావాలనుకునే రైతులు పది మంది ఒకే బోదె కింద ఒకేసారి వస్తేనే జిప్సం, పూడికతీత, కాలవ నీటి విడుదల వారికి ముందు దక్కాలి. చెల్లాచెదురుగా పది చోట్ల పోసిన జిప్సం ఊటలో కొట్టుకుపోతుంది. ఒక్కచోట పోస్తే చేనవుతుంది.

వీటిలో ఒక్కదానికీ కొత్త శాస్త్రం అక్కర్లేదు. జిప్సం ఉంది, జీలుగ ఉంది, బందరులో వంగడం ఉంది, పట్టిసీమ నీరుంది. లేనిదల్లా అనుమతి కాగితంలో ఒక్క గడి: ‘ఈ చెరువు మళ్లీ చేనవ్వాలంటే ఎంతవుతుంది, ఎవరు కడతారు?’ ఆ గడి నింపలేనివాడికి తవ్వే అనుమతి ఇవ్వకూడదు.